విద్యార్థికి లోకవిచారమేల?

ఇటీవల మా పట్టణమున పదవ తరగతి చదువుచున్న బాలుడొకడు వ్రాసిన వ్యాసము మాకు చేరినది. ఆ వారపు వార్తాపత్రికలు చదివిన పిదప తన మనస్సునకు తోచిన సంగతులను ఆతడు నాలుగు పుటలలో వ్రాసియుండెను. పాఠశాల గోడపత్రికలో నుంచుటకై దానిని ఉపాధ్యాయునకీయగా, పాఠశాల పెద్దలు దానిని గోడ కెక్కింప నొల్లరైరి. అంతటితో పోనీయక తండ్రిని పిలిపించి, చక్కని మార్కులు తెచ్చుకొను పిల్లవానికి రాజకీయములేల, మందలింపుడని హితవు చెప్పి పంపిరి. ఆ పాఠశాల పేరును, ఆ బాలుని పేరును మేమిట వ్రాయబోము. పేరు వ్రాసినచో నిది యొక పాఠశాలతోడి తగవగును. వ్రాయకున్నచో కోనసీమయందలి పాఠశాలలన్నిటితోడను, తలిదండ్రులందరితోడను ఆడవలసిన మాటయగును. మాకు కావలసినది రెండవది.

ఆ వ్యాసమందు ఒక్క పక్షము పేరును లేదు. ఒక్క నాయకుని నిందయును లేదు. ఉన్నవి మూడు ప్రశ్నలు. మన నేలక్రింద వాయునిక్షేపములు కలవని దేశమెల్ల నెరుగును. ఆ వాయువును తాటిపాకనుండి కొండపల్లి వైపు కొనిపోవు గొట్టము 2014 జూను 27వ తేదీ వేకువజామున నగరము గ్రామమున పగిలి, మంటలు చెలరేగి, ఇరువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. మన యిండ్ల ప్రక్కగా పోవు గొట్టము ఎన్నటిదో, దానిని పరీక్షించువారెవరో మనకు తెలుపనక్కరలేదా యనునది బాలుని మొదటి ప్రశ్న. 2011వ సంవత్సరపు సార్వాకు ఈ సీమ రైతులు గిట్టుబాటు లేదని చేలను బీడుపెట్టి, క్రాప్ హాలిడే యని ప్రకటించిరి. దేశమునకు అన్నము పెట్టు డెల్టాలో రైతు తనంతట తాను నాగలి దించెననగా ఆ కష్టమెట్టిదై యుండును, అది నేటికి తీరినదా యనునది రెండవ ప్రశ్న. 2022 మే 24న ఈ పట్టణమున ఒక పేరు నిమిత్తమై ఇండ్లు తగులబెట్టిన గుంపులో చదువుకొన్న యువకులు కూడ ఉండిరి గదా, మరి వారికి బడి నేర్పిన దేమి యనునది మూడవది. ఈ మూడవ ప్రశ్నవద్దనే పెద్దలకు కోపము వచ్చినదని మేమూహించుచున్నాము.

మేమడుగునది యొక్కటి. ఈ మూడింటిలో పదునైదేండ్ల బాలునకు తగని ప్రశ్న యేది? గొట్టము పోవునది వాని యూరి ప్రక్కను. బీడుపడిన చేను వాని తాతది. తగులబడిన యిండ్లు వాడు బడికి నడచు పట్టణములోనివి. కష్టము వచ్చునపుడు పిల్లవాని వయస్సు అడిగి రాలేదు. దానిని గూర్చి విచారింప బూనినపుడు మాత్రము వాడు జననపత్రము చూపవలయునా?

మన పాఠశాలలలో ప్రతి యుదయమును ప్రార్థన సమయమున ఒక విద్యార్థి ముందునకు వచ్చి నేటి వార్తలను చదువును. తక్కినవారు బారులు తీరి నిలిచి విందురు. వార్త ముగియగనే వరుసలు కదలి తరగతులకు పోవును. ఆ వార్త యెట్టిది, అందులో మనకేమి సంబంధమని అడుగువాడు లేడు, చెప్పువాడు లేడు. వార్తను గొంతుతో చదువవచ్చునట, మనస్సుతో చదువరాదట! ఈ బాలుడు చేసిన నేర మేమనగా, అందరును చెవులతో విని విడిచినదానిని ఇంటికి గొనిపోయి ఆలోచించుట.

పెద్దల ఆక్షేపణలు మూడు. మొదటిది, చదువు చెడునని. రెండవది, వయస్సు చాలదని. మూడవది, రాజకీయులు పిల్లలను తమ పనులకు వాడుకొందురని. వీనిని ఒక్కొక్కటిగా విచారింతము.

చదువు చెడునను మాటకు మొదట చదువనగా నేమో తేల్చుకొనవలయును. ఆరవ తరగతినుండియే ఐ.ఐ.టి. ఫౌండేషనని పేరు పెట్టి, తెల్లవారుజామునుండి ప్రొద్దుపోవువరకు బల్లకు కట్టివేసి, నాలుగు జవాబులలో నొకదానికి గుర్తు పెట్టుటయే విద్యయని నమ్మువారితో మాకు వాదము లేదు. వారు విద్యనమ్మువారేకాని విద్య నేర్పువారు కారు. కాని సాంఘికశాస్త్ర పుస్తకమున ప్రజాస్వామ్యమును గూర్చి, ఎన్నికలను గూర్చి పాఠములు చెప్పుచు, ఆ పాఠము కిటికీ వెలుపల జరుగుచున్నపుడు కిటికీ మూయువారిని మాత్రము మేము ప్రశ్నింపక మానము. ఆ బాలుడు నాలుగు పుటలు తెనుగున తప్పులు లేక వ్రాసినాడు. ఒక సంగతిని మరియొక సంగతితో పోల్చినాడు. కారణమేమని అడిగినాడు. ఏ పరీక్షయందైనను దీనికంటె మిన్నగా పరీక్షింపవలసిన దేమున్నది? అచ్చయిన గైడు పుస్తకమునుండి వ్యాసము కంఠస్థము చేసి యొప్పగించిన పిల్లవానికి పదికి పది యిత్తురు. స్వయముగా వ్రాసినవాని తండ్రికి పిలుపు పంపుదురు. ఇట్టి బేరమున లాభపడున దెవ్వరు?

ఇక వయస్సు. న్యాయస్థానములయందు తిరుగాడువారమగుటచే ఈ సంగతిని చట్టము మాటలలోనే చెప్పుదుము. మన రాజ్యాంగ నిర్మాతలకు వయస్సు నిర్ణయింపవలసినచోట నిర్ణయించుట తెలియకపోలేదు. లోకసభకు నిలుచువానికి 25 ఏండ్లు, రాజ్యసభకు 30, రాష్ట్రపతి పదవికి 35 ఉండవలెనని వ్రాసిరి. 14 ఏండ్లకు లోపలి పిల్లలను కర్మాగారములలో పనికి పెట్టరాదని వ్రాసిరి. వోటుకు మొదట 21 ఏండ్లని వ్రాసిరి. 61వ సవరణచే 1989లో అది 18 అయినది. కాని 19వ అధికరణమున వాక్స్వాతంత్ర్య మొసగునపుడు వారు వ్రాసినది పౌరులందరికిని అనియే. అచ్చట వయస్సు మాట లేదు. 2005వ సంవత్సరపు సమాచార హక్కు చట్టమును పౌరులందరికే హక్కొసగినది. అందును వయస్సు లేదు. కావున గొట్టమును గూర్చి బాలుడడిగిన ప్రశ్న గోడపత్రికకు తగదని పాఠశాల నిర్ణయించినను, దరఖాస్తు రూపమున నది కార్యాలయమునకు పోయినయెడల చట్టము దానిని ప్రశ్నగానే యెంచును. 1989లో ఐక్యరాజ్యసమితి యంగీకరించిన బాలల హక్కుల ఒడంబడిక, తమకు సంబంధించిన విషయములలో బాలలు తమ యభిప్రాయమును చెప్పుకొనవచ్చుననియు, వారి వయస్సును పరిణతిని బట్టి దానికి విలువ నీయవలయుననియు చెప్పుచున్నది. మన దేశము 1992లో దానిలో చేరినది.

న్యాయస్థానములు పుస్తకములోని మాటను పుస్తకమునకే విడిచిపెట్టలేదు. కేరళమున ముగ్గురు పిల్లలు తమ మతవిశ్వాసమునుబట్టి జాతీయగీతము పాడక, గౌరవముతో నిలుచుండిన కారణమున 1985లో బడినుండి వెడలగొట్టబడగా, 1986 ఆగష్టు 11న మన సుప్రీముకోర్టు వారిని తిరిగి చేర్చుకొనుమని తీర్పు చెప్పినది. అమెరికాలోని అయోవా రాష్ట్రమున 1965 డిసెంబరులో వియత్నాము యుద్ధమున చచ్చినవారికై పిల్లలు నల్లపట్టీలు చేతికి కట్టుకొని బడికి పోగా పాఠశాల వారిని పంపివేసెను. 1969లో ఆ దేశపు సుప్రీముకోర్టు ఆ పిల్లల పక్షమున తీర్పు చెప్పినది. బడి గుమ్మము దాటగానే పిల్లవాని హక్కులు చెప్పులతోపాటు వెలుపల విడువవలసినవి కావని రెండు ఖండములయందలి న్యాయమూర్తులును తలచిరి. మన గోడపత్రికల కాపరులకు మాత్రము ఆ కబురు అందినట్లు లేదు.

ఈ హితవు నేడు పుట్టినది కాదని కూడ పాఠకులు జ్ఞాపకముంచుకొనవలయును. 1907 ఏప్రిలున బిపినచంద్రపాలుగారు రాజమహేంద్రవరమున నుపన్యసింపగా, చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు ఆ యుపన్యాసములను తెనుగున జనులకు వినిపించిరి. విద్యార్థులు వందేమాతరమని వ్రాసిన బిళ్ళలను రొమ్మున ధరించి కళాశాలకు పోయిరి. ప్రిన్సిపాలు మార్కు హంటరు దొర వారిపై నలిగి శిక్షలు విధించెను. ఉపాధ్యాయ శిక్షణ పొందుచున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు కళాశాలనుండి వెడలగొట్టబడిరి. మరుసటి నెలలో, విద్యార్థులు రాజకీయములయందు తలదూర్పరాదని భారత దొరతనము పక్షమున కార్యదర్శి రిస్లీ దొర ఉత్తరువు పంపెను. మే 31న కాకినాడయందు కొపల్లె కృష్ణారావను బాలుడు వందేమాతరమని కేక వేసినందుకు జిల్లా వైద్యాధికారి కెప్టెను కెంపు ఆ పసివానిని దారుణముగ గొట్టెను. నాటి రాత్రి జనులు కోపావేశమున దొరల క్లబ్బుపై బడిరి. అప్పుడు అమలాపురమును కాకినాడయు ఒకే గోదావరి మండలమున నుండెను. అనగా దెబ్బలు తిన్న యా బాలుడు మనవాడే.

దొరలు నాడు చెప్పిన మాటలును, నేడు మన పెద్దలు చెప్పు మాటలును ప్రక్కప్రక్కన వ్రాసి చూచినచో భేదమేమైన కనబడునా? చదువు పాడగుననిరి; ఇదియే వారును చెప్పిరి. వయస్సు కాదనిరి, ఇదియు వారే చెప్పిరి. అయితే దొర భయపడుటకు కారణముండెను: బాలుడు ప్రశ్నించుట నేర్చినచో దొరతనము నిలువదు. స్వరాజ్యమున ప్రధానోపాధ్యాయునకు ఆ భయమేల? మరి హంటరు దొర వెడలగొట్టించిన విద్యార్థి ఏమైనాడు? చెడిపోయెనా? 1908లో స్వరాజ్య పత్రికలోని వ్రాతకై చెరసాలకు పోయి వచ్చి, గ్రంథాలయోద్యమమునకును వయోజన విద్యకును తన జీవితమును ధారపోసి, చదువురాని తెలుగువారికి గురువైనాడు. ఆయనను వెడలగొట్టిన దొర పేరు నేడు తలచుకొనువారెవరు? తలచుకొన్నను, వెడలగొట్టినవాడనియే గదా!

మూడవ యాక్షేపణ, రాజకీయులు పిల్లలను వాడుకొందురనునది, మూడింటిలోను బలమైనది. దానిని మేము త్రోసివేయము. కాని ఆ మాట ఎవరు చెప్పుచున్నారో చూడుడు. పిల్లలకు రాజకీయములు వలదను పెద్దలే, మంత్రులు వచ్చునపుడు బడిపిల్లలను ఎండలో దారికిరుప్రక్కల నిలువబెట్టి పూలు చల్లింతురు. సభలో కుర్చీలు నిండకున్న యూనిఫారములతో నింపుదురు. ఊరేగింపునకు మోటారుసైకిళ్ళు కావలసినపుడు ఏ పక్షమువారును కుఱ్ఱవాని తరగతి యడుగరు. పిల్లవాని కాళ్ళును, గొంతుకయు, చేతిలోని జెండాయు రాజకీయమునకు పనికివచ్చునట. వాని బుద్ధి మాత్రము పనికిరాదట! మేము చెప్పునది దీనికి సరిగా తలక్రిందులు. విద్యార్థిని ఏ పక్షపు ఊరేగింపునకును పిలువకుడు, వానిని ఆలోచింపనీయుడు. విచారించు అలవాటు గలవానిని జనసమ్మర్దము లాగుకొని పోజాలదు. విచారము నిషేధింపబడినవాడే మొదటి కేకకు లేచి పరుగెత్తును.

ఇందుకు నిదర్శనము మన పట్టణమే. 2022 ఏప్రిలు 4న కోనసీమ ప్రత్యేక జిల్లా యయ్యెను. మే 18న ఆ జిల్లాకు డాక్టరు బి. ఆర్. అంబేడ్కరుగారి పేరు చేర్చుటకు ప్రాథమిక ప్రకటన వెలువడెను. అభ్యంతరములైనను సలహాలైనను తెలుపుకొనుటకు 30 దినముల గడువీయబడెను. ముప్పది దినములు! ఒక్క కాగితము, ఒక్క కలము, నాలుగు వాక్యములు చాలును. అనుకూలమైనవాడు అనుకూలమనియు, ప్రతికూలమైనవాడు ప్రతికూలమనియు వ్రాసి కలెక్టరు కార్యాలయమున నిచ్చి రావచ్చును. వారము తిరుగకమునుపే, 24న, సెల్‌ఫోనులలో వచ్చిన పిలుపులకు లేచిన గుంపులు కలెక్టరేటు దారి పట్టెను. రాళ్ళు లేచెను. పోలీసులు నెత్తురోడిరి. బస్సులు కాలెను. మంత్రి యిల్లును, శాసనసభ్యుని యిల్లును తగులబడెను. పిమ్మట దినములతరబడి ఇంటర్నెట్టు ఆగిపోయెను. ఎందరో యువకులపై కేసులు పడెను. తలులు పోలీసుస్టేషనుల ముంగిట పడిగాపులు పడిరి. జూను 24న మంత్రివర్గము ఆ పేరునే యామోదించెను. తగులబెట్టి సాధించిన దేమి?

ఆ యలజడి వెనుక నున్నది కులము. ఈ మాటను నాలుక చివరనే దాచుకొనుట మన పట్టణపు పెద్దమనుష్యులకు మర్యాదగా తోచుచున్నది. మాకు తోచుట లేదు. రాజ్యాంగమును రచించిన సంఘమున కధ్యక్షుడైన మహనీయుని పేరు తన యూరికి ముందుంచుట అవమానమని తలచుటకు కులము తప్ప వేరు కారణము మాకు కానరాదు. ఆ యువకులలో బడికి పోయినవారెల్లరు ఉదయముదయము ప్రార్థనలో భారతీయులందరును సోదరులని ప్రతిజ్ఞ చేసియే యుందురు. ఆ ప్రతిజ్ఞ వ్రాసినవాడును తెలుగువాడే. నల్లగొండ ప్రాంతపు పైడిమర్రి వెంకటసుబ్బారావుగారు 1962లో దానిని వ్రాసిరి. పదేండ్లు ప్రతిదినము వల్లించిన మాట ఒక్కదినమునకు పనికిరాకపోయెను. ఏల? వల్లించిరేగాని విచారింపలేదు గనుక. సోదరులనగా నెవ్వరు, మన వీధి చివరి పేటవారు కూడనా యని ఒక పిల్లవాడు లేచి అడిగియుండినచో, ఆ తరగతిలో ఆ దినమున అసలైన పాఠము జరిగియుండును. అడుగువాని నోరు మూసితిమి. ఇప్పుడీ బాలుడడిగినాడు, వాని నోరును మూయుచున్నాము.

అంబేడ్కరుగారి బాల్యమే చూడుడు. తోడి పిల్లలతో కలిసి కూర్చుండనీయక, దాహమైన కుండను తాకనీయక పాఠశాల వారిని వెలిగా నుంచెను. ఆ బాలుడు ఇది యేల యిట్లున్నదని విచారించుట మాని మార్కులకై మాత్రమే చదివినచో, ఒక మంచి యుద్యోగి యయ్యెడివాడేమో. విచారించినందువలననే 1920 జనవరి 31న మూకనాయక్ పత్రికను వెలువరించెను. విచారించినందువలననే దేశమునకు రాజ్యాంగము వ్రాయువారిలో అగ్రేసరుడయ్యెను.

బాలుని వ్యాసమున తప్పు లేకపోలేదు. పాశర్లపూడి చమురుబావి మూడు నెలలు మండెనని ఆతడు వ్రాసినాడు. అది 1995 జనవరి 8న అంటుకొని మార్చి 15న ఆరెను. 65 దినములు మాత్రమే. ఈ తప్పెక్కడిదని విచారింపగా వాట్సాపులో వచ్చిన యొక సందేశమునుండి యని తెలిసినది. ఉపాధ్యాయుడు చేయవలసిన పని ఇక్కడనే యుండెను. ఎఱ్ఱసిరా కలముతో ఆ వాక్యము క్రింద గీత గీసి, ఇది నీకెవరు చెప్పిరి, చెప్పినవాని పేరేమి, మరియొకచోట సరిచూచితివా యని ప్రక్కన వ్రాసియుండినచో, ఆ పిల్లవాడు జన్మలో మరవని విద్య నేర్చియుండును. తప్పు దిద్దుట గురువు పని. వ్యాసమునే దాచివేయుట సెన్సారు పని. మన పాఠశాలలకు జీతమిచ్చి తెచ్చుకొన్నది గురువులను.

పత్రికకును సెల్‌ఫోను వార్తకును గల భేదము పిల్లలకు చెప్పువారే లేకపోయిరి. 1867 నాటి చట్టము మొదలు, ఈ దేశమున అచ్చగు ప్రతి పత్రికయు తన ముద్రాపకుని పేరును, ప్రకాశకుని పేరును వేయవలయును. అబద్ధము వ్రాసినచో వానిని న్యాయస్థానమునకు లాగవచ్చును. చేతులు మారివచ్చు సందేశమునకు తండ్రి లేడు, తేదీ లేదు, ఊరు లేదు. పత్రికలు వలదని పిల్లవానిని తరిమి, చేతికి సెల్‌ఫోనిచ్చు తలిదండ్రులు పాలు మాన్పి కల్లు పోయుచున్నవారితో సమానులు. ఆస్ట్రేలియా దేశము 2024లో చట్టము చేసి, 2025 డిసెంబరు 10నుండి 16 ఏండ్ల లోపువారికి సాంఘికమాధ్యమములలో ఖాతాలు లేకుండ చేసినది. ఆ చట్టము మంచిదా చెడ్డదా యను వాద మటుండనిండు. వారు మూసిన ద్వారము సెల్‌ఫోనుది. మన పెద్దలు మూయుచున్నది పుస్తకముది, పత్రికది, ప్రశ్నది.

కావున మేము కోరునది కొండంత కాదు. ఉదయము వార్తలు చదివిన పిదప, తరగతిలో పావుగంటసేపు ఆ వార్తలలో నొకదానిని గూర్చి పిల్లలను మాటలాడనీయుడు. ఒకే సంగతిని రెండు పత్రికలెట్లు వ్రాసెనో చూపి, భేదమును వారిచేతనే చెప్పింపుడు. గోడపత్రికను గణతంత్రదినపు రంగుకాగితములకు మాత్రమే విడిచిపెట్టక, వారమున కొకమారు పిల్లల వ్రాతలతో నింపుడు. తప్పుండిన ప్రక్కనే దిద్దుబాటు అంటింపుడు. ఎదురుమాట గలవాడు ఎదురువ్యాసము వ్రాయవలయును గాని చింపరాదను నియమ మొక్కటి పెట్టుడు. ఏ పక్షపువారును బడి సమయమున పిల్లలను సభలకు పిలువరాదని పెద్దలందరును ఒక్కమాటపై నిలువుడు. మనము ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయపన్నును చెల్లించుచున్నాము. ఆ ధనమున నడచు పఠనమందిరము వృద్ధులకు ప్రొద్దుపుచ్చు చావడి కాక, ఆదివారమునాడైనను ఉన్నత పాఠశాల పిల్లలకు కూర్చుండి చదువు తావు కావలయును. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును నెలకొల్పిన పెద్దలు కోరినది ఇదియే.

ఈ పత్రికను పఠనమందిరములలో చదువు పెద్దలకు తుదిమాట యొకటి. మీ యింట పదవ తరగతి పిల్లయో పిల్లవాడో యున్నచో, మరి మూడేండ్లకు మీతోపాటు వరుసలో నిలిచి వోటు వేయుదురు. ఆ మూడేండ్లలో వారికి ఎవరో యొకరు లోకమును గూర్చి చెప్పకమానరు: మీరు, గురువు, పత్రిక, లేదా చీకటిలో పేరులేక వచ్చు సందేశము. మీరు ముగ్గురును నోరు మూసికొన్నయెడల మిగులు గురువెవరో మీకు తెలియును. వాని పాఠశాల యెట్టిదో 2022 మే 24 సాయంకాలమున ఈ పట్టణపు ఆకాశము చూచినది.

ఆ బాలుని వ్యాసమును, పాశర్లపూడి లెక్క దిద్ది, వాని తండ్రి సమ్మతించినచో వచ్చు వారము ఈ పత్రికలోనే ప్రకటింతుము. వాని మూడు ప్రశ్నలకు జవాబు చెప్పగలవారు వ్రాసి పంపవలయునని కోరుచున్నాము. ఎదురుమాట గల ప్రధానోపాధ్యాయులకును అదే పుటలో చోటు కలదు.